కథానాయకుల నౌక కూలినప్పుడు

వైజ్ఞానిక కల్పన కథలలో అంతరిక్ష నౌక ఒక వాహనము మాత్రమే కాదు. అది నాయకులకు ఇల్లు, ఊరు, ఊపిరి. రోదసిలో పీల్చుటకు గాలి లేదు, త్రాగుటకు నీరు లేదు. రెండింటిని మోసుకొనిపోయేది నౌకయే. కనుక నౌకను నాశనము చేయుట రచయిత చేతిలో మిక్కిలి పదునైన పనిముట్టు. అయితే ఎంత పదునైన కత్తి అయినను అయినదానికి కానిదానికి వాడితే మొద్దుబారిపోతుంది.

ఈ నష్టము ఎంత భయంకరమైనదో 1970లో అపోలో-13 యాత్ర నిజముగానే చూపినది. చంద్రుని వైపు పోవుచుండగా ఏప్రిల్ 13న అందులోని ప్రాణవాయువు తొట్టి ఒకటి పేలినది. నౌక తునకలు కాలేదు. కాని ప్రధాన భాగములో విద్యుత్తు, ప్రాణవాయువు హరించుకుపోయినవి. ఇద్దరి కొరకు నిర్మించిన చంద్రశకటములో ముగ్గురు తలదాచుకొన్నారు. బొగ్గుపులుసు వాయువును తొలగించే డబ్బాలను చేతికందిన సామగ్రితో అమర్చుకొని ఏప్రిల్ 17న భూమికి చేరినారు. పెద్ద మంటలు లేకనే ప్రపంచమంతా ఊపిరి బిగబట్టినది.

ఈ కిటుకు హెచ్. జి. వెల్స్ ఎన్నడో ఎరుగును. 1901లో వెలువడిన ఆయన చంద్రయాత్రా నవలలో బెడ్‌ఫర్డ్ భూమికి తిరిగివచ్చిన పిమ్మట, ఒక కుర్రవాడు గోళములో దూరగా అది ఎగిరిపోయి మరల కానరాదు. దానిని చేయు విద్య తెలిసిన కేవర్ చంద్రునిపైనే చిక్కుకొని ఉన్నాడు. రెండవ గోళము లేదు. కథకు బరువు వచ్చినది అక్కడనే.

1966లో టెలివిజన్‌పై ఆరంభమైన ‘స్టార్ ట్రెక్’లో ఎంటర్‌ప్రైజ్ నౌకయే ఒక పాత్ర. 1984 నాటి మూడవ చలనచిత్రములో కెప్టెన్ కిర్క్ శత్రువుల చేత చిక్కకుండ తన నౌకను తానే పేల్చివేస్తాడు. మిత్రుడు స్పాక్ కొరకు ఆజ్ఞ మీరి తెచ్చిన నౌక అది. అప్పటికే కుమారుని కూడ పోగొట్టుకొన్నాడు. గ్రహముపై నిలిచి, ఆకాశములో మండుతూ పోయే దానిని చూచే ఘట్టము మనస్సును కలచివేస్తుంది. కాని 1986 నాటి తరువాతి చిత్రము చివర అదే పేరుగల కొత్త నౌక సిద్ధము! చెల్లించిన మూల్యము తిరిగి చేతికి వచ్చినట్లయినది.

1994 నాటి ‘జెనరేషన్స్’లో మరొక ఎంటర్‌ప్రైజ్ పళ్లెము వంటి పైభాగము ఒక గ్రహముపై పడి, అడవిలో దొర్లుకొంటూ ఆగుతుంది, లోపలివారిలో అత్యధికులు బ్రతుకుతారు. భూమిని చుట్టు ఉపగ్రహము సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్లు పోవును. ఆ వేగముతో పోవు ఒక కిలోగ్రాము వస్తువులో 3 కోట్ల జౌళ్ల శక్తి, అనగా దాదాపు 7 కిలోల టి.ఎన్.టి. ప్రేలుడు శక్తి, ఉండును. అటువంటి వేగము నుండి అంత నౌక దిగినప్పుడు ఆ శక్తి అంతయు ఎక్కడికి పోయినదన్న ప్రశ్నను చిత్రము దాటవేసినది. 2016 నాటి ‘బియాండ్’లో నౌక కథారంభములోనే చీలిపోగా, ముగింపులో మరొకటి తయారగును. ఇన్నిసార్లు చూచిన ప్రేక్షకుడు ఇక కన్నీరు పెట్టడు. కొత్త నౌక ఎప్పుడు వచ్చునని ఎదురుచూస్తాడు.

నౌకను కూల్చదలచిన రచయితకు మూడు షరతులు చాలును. నౌక పోయిన తరువాత గాలికి, నీటికి, దారికి నాయకులు నిజముగా కటకటపడవలెను. కూలుటకు వారి నిర్ణయమో, పొరపాటో కారణము కావలెను. పోయినది పోయినట్లే ఉండవలెను. ఇవి పాటించినచో ప్రేలుడు చప్పుడు కూడ అక్కరలేదు. గాలి లేని రోదసిలో అది ఎటులను వినరాదు.