ఎవరిని చూచి నవ్వాలి?

2017 ఏప్రిల్‌లో బహమా దీవులలోని గ్రేట్ ఎగ్జూమాలో తలపెట్టిన ఫైర్ సంగీతోత్సవం మీద క్రిస్ స్మిత్ తీసిన నెట్‌ఫ్లిక్స్ చిత్రం (2019) బిగువుగా ఉన్నది, కాదనను. విలాస విడుదులని నమ్మి వందలు, వేల డాలర్లు పోసినవారికి తుపాను బాధితులకిచ్చే డేరాలు, రొట్టె, జున్నుముక్క దొరికాయి. నవ్వు రావడం సహజమే. ఆ నవ్వులో అసలు విషయం జారిపోయిందని నా అభియోగం.

ఎండలో పనిచేసిన దీవి కూలీలలో చాలామందికి కూలి ముట్టలేదు. ఉత్సవ సిబ్బందికి వండిపెట్టిన హోటలు యజమానురాలు తాను కూడబెట్టిన సొమ్ములోనుంచి సుమారు 50,000 డాలర్లు తీసి తన పనివారికి చెల్లించింది. చిత్రంలో వీరికి దక్కినవి కొద్ది నిమిషాలు. తక్కినదంతా నిర్వాహకుడు మెక్‌ఫార్లండ్ మాయలకే. ఒక్క మనిషి దుర్మార్గుడని తేల్చేస్తే వ్యవస్థ నిర్దోషి అవుతుంది గదా! పైగా, ఉత్సవానికి ప్రచారం చేసిపెట్టిన జెర్రీ మీడియా ఈ చిత్ర నిర్మాణంలో భాగస్వామి. ప్రచారకుల పాత్రను ఇంత మెత్తగా తాకడానికి వేరే కారణం వెదకనక్కరలేదు.

2018లో మెక్‌ఫార్లండ్‌కు ఆరేండ్ల శిక్ష పడింది. హోటలామె నష్టాన్ని పూడ్చినవి మాత్రం చిత్రం చూచిన ప్రేక్షకుల చందాలు.