31వ సెక్షన్‌లోని ‘ఇష్టం’: ఒక విమర్శ

1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాలలో ఆటిజం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో అది ఉంది. ఇది చిన్న మార్పు కాదు. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న 6-18 ఏళ్ల పిల్లలు సమీప పాఠశాలలోగాని, ప్రత్యేక పాఠశాలలోగాని, తమ ఇష్టం మేరకు ఉచితంగా చదువుకోవచ్చు.

ఈ వాక్యాన్ని అమ్రాబాద్ వైపు నుంచి చదివి చూడండి. ఇది నల్లమల మండలం. చెంచుపెంటలు అడవిలో దూరదూరంగా ఉంటాయి. విద్యాహక్కు చట్టపు నమూనా నిబంధనలు ప్రాథమిక బడి 1 కిలోమీటరు లోపు ఉండాలన్నాయి. ప్రత్యేక పాఠశాల ఎంత దూరంలో ఉండాలో 31వ సెక్షన్ చెప్పదు. లోపమంతా ఇక్కడే ఉంది.

మేధోవైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. ఒకే రాష్ట్రం గదా అనుకోవచ్చు. కాని హారన్ మోతకు చెవులు మూసుకునే, అలవాటైన దారి మారితే తల్లడిల్లే పిల్లవాడికి ఆ బస్సు ప్రయాణమే పెద్ద పరీక్ష. పైగా ఆటిజంలో బోధన రోజూ అదే వేళకు, తెలిసిన మనిషి దగ్గర సాగితేనే నిలుస్తుంది. ఎప్పుడో ఒకనాటి శిబిరం అందుకు చాలదు. మండల స్థాయి భవిత కేంద్రాల ఆలోచన సరైనదే. అయితే పెంట నుంచి మండల కేంద్రం కూడా దూరమే. కాబట్టి ఇక్కడి తల్లికి మిగిలే ‘ఇష్టం’ ఒక్కటే: బిడ్డను దూరాన హాస్టల్లో వదలడమా, ఆటిజం గురించి శిక్షణ లేని టీచరున్న ఊరి బడికి పంపడమా.