సాలమన్ రాజు ఉంగరంలో పోరుచేప

కోన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా దేశపు జంతుశాస్త్రజ్ఞుడు 1949లో జర్మన్ భాషలో ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. 1952లో దాని ఇంగ్లీషు అనువాదం ‘కింగ్ సాలమన్స్ రింగ్’ అనే పేరుతో వెలువడింది. జంతువులతో మాట్లాడటానికి సాలమన్ రాజుకు మాయ ఉంగరం కావలసివచ్చిందని ఐతిహ్యం. ఉంగరం లేకుండానే, ఓపికగా చూస్తూ కూర్చుంటే చాలునని లోరెంజ్ వాదం. గ్రంథకర్తకు 1973లో టిన్‌బెర్గెన్, ఫాన్ ఫ్రిష్‌లతో కలిపి నోబెల్ బహుమానం లభించింది. పాఠశాల గ్రంథాలయంలో ఉండదగిన పుస్తకమే ఇది. అయితే ఇందులో అక్వేరియమును గురించి, చేపలను గురించి ఉన్న అధ్యాయాలు చదివి, ఆ ఉత్సాహంతో బజారుకు పోయి, ఒక పోరుచేపను కొని, ప్రయోగశాలలో గాజుసీసాలో పెట్టాలని ఉబలాటపడే విద్యార్థికి, అతనిని ప్రోత్సహించే ఉపాధ్యాయునికి కొన్ని సంగతులు ముందుగా తెలిసి ఉండాలి. తెలియకపోతే నష్టపోయేది చేప.

ముందుగా పుస్తకం గొప్పతనం చెప్పుకోవాలి. చేప నెత్తురు చల్లనిదని, దానికి ఉద్రేకమే ఉండదని యూరపులో ఒక నమ్మకం. దానిని ఖండించటానికి లోరెంజ్ సయాం పోరుచేపను సాక్ష్యానికి పిలుస్తాడు. మన దుకాణాలలో బెట్టా అనీ, ఫైటర్ అనీ అమ్మేది దీనినే. ఊరకే ఉన్నప్పుడు మందకొడిగా, వెలవెలబోయి కనబడే మగచేప, మరొక మగచేప కంటబడగానే రెక్కలన్నీ విప్పి, మొప్పమూతలు చాచి, నిప్పుకణికలాగా వెలిగిపోతుంది. అదే చేప ఆడచేప ముందు మరొక విధంగా నర్తిస్తుంది. నీటిపైన నురుగు బుడగలతో గూడు కట్టి, జారిపోతున్న గుడ్లను నోటితో ఒడిసిపట్టి, ఒక్కొక్కటే గూటిలోనికి ఊదుతుంది. కావలి కాచేది కూడా తండ్రే. గంటల తరబడి కళ్ళారా చూచినవాడు తప్ప మరొకడు వ్రాయలేని వర్ణన ఇది. పాఠ్యపుస్తకాలలో ‘సంతాన రక్షణ’ అనే శీర్షిక క్రింద రెండు పంక్తులలో ముగిసిపోయే విషయం ఇక్కడ ప్రాణం పోసుకున్నది.

కాని లోరెంజ్ చూచిన చేప ఎవరి చేప? థాయ్‌లాండు వరిచేలలో సహజంగా బ్రతికే జాతికి, గాజుపాత్రలలో తరతరాలుగా పెంచబడిన జాతికి చాలా దూరం ఉన్నది. థాయ్ ప్రజలు దీనిని ‘ప్లా కట్’, అంటే కరచే చేప అంటారు. పందాల కోసం ఏరి ఏరి పెంచారు. సయాం రాజు ఇచ్చిన చేపలనుండే థియొడోర్ కాంటర్ 1849లో దీనిని శాస్త్రలోకానికి వర్ణించాడు. 1910లో టేట్ రీగన్ ‘బెట్టా స్ప్లెండెన్స్’ అనే నామకరణం చేశాడు. 2022లో వెలువడిన జన్యు పరిశోధన ప్రకారం మనిషి దీనిని మచ్చిక చేసుకొని వేయి సంవత్సరాలకు పైగా అయినది. అటువంటప్పుడు దీని పోరాటపటిమలో ప్రకృతి పాలెంత, పందెగాళ్ళ పాలెంత అని అడగక తప్పదు. సంక్రాంతి బరిలో దిగిన పుంజును చూచి అడవికోడి స్వభావం ఇదేనని నిర్ణయిస్తే మనవాళ్ళెవరూ ఒప్పుకోరు గదా! చేప విషయంలో మాత్రం చదువరి సులభంగా ఒప్పుకొంటాడు.

మరొకటి కూడా ఉన్నది. పొలంలో ఓడిన చేప గడ్డి దుబ్బుల చాటుకు తప్పుకొంటుంది. అంతటితో పోరు ముగుస్తుంది. గాజు గోడల మధ్య తప్పుకొనే చోటు లేదు. ‘రెండు మగచేపలను కలిపితే ఒకటి చచ్చేవరకు పోరాడును’ అన్న వాక్యం నిజానికి చేపను గురించి ఎంత చెబుతున్నదో తొట్టిని గురించి అంతే చెబుతున్నది. ఈ సంగతి లోరెంజ్‌కు తెలియనిది కాదు. ఇదే పుస్తకం చివర, ఒకే పంజరంలో ఉంచిన రెండు పావురాలలో ఒకటి రెండవదానిని చర్మం ఊడేట్టు పొడిచిన ఉదంతం ఉన్నది. పారిపోవటానికి దారి లేకపోవటమే అంత దారుణానికి కారణమని అతడే వివరించాడు. ఉపాధ్యాయులు ఆ పుటలను, చేపల పుటలను ప్రక్కప్రక్కన పెట్టి చదివించటం మంచిది.

తరువాతి కాలంలో లోరెంజ్ పోరాటం అనేది లోపల క్రమంగా నిండుతూ, ఒకనాడు పొంగి పొరలే కుండ వంటిదని సిద్ధాంతీకరించాడు. 1963లో థామ్సన్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగంలో, అద్దంలో తన ప్రతిబింబం చూడటానికే పోరుచేప పని నేర్చుకొన్నది. కుండ సిద్ధాంతానికి ఇది బలమని తోచవచ్చు. అయితే తన హద్దులోనికి ఎవరు వచ్చారో మరల మరల చూచుకొనే కావలివాడు కూడా ఇట్లాగే ప్రవర్తిస్తాడు; ఒక్క అద్దంతో ఈ తగాదా తేలదు. 1998లో ఒలివీరా, అతని సహచరులు ప్రకటించిన ఫలితాలు మరింత ఆలోచింపజేసేవి. రెండు మగచేపలు కలహిస్తుండగా మూడవదానిని ప్రక్క గదినుండి చూడనిచ్చారు. తరువాత దానికి ఆ ఇద్దరిని ఎదురు నిలిపితే, గెలిచినవాని వద్దకు పోవటానికి వెనుకాడింది. తాను చూడని కలహంలో గెలిచినవాని విషయంలో ఆ జంకు కనబడలేదు. అంటే ఇది నిండి పొర్లే కుండ మాత్రమే కాదు; చూచి, జ్ఞాపకముంచుకొని, లెక్క వేసుకొనే జీవి. లోరెంజ్ పుస్తకంలో చూపు అంతటిది ఉన్నా ఈ లెక్క లేదు.

ఇక అక్వేరియం అధ్యాయం. గాజుతొట్టి అడుగున ఇసుక, నాలుగు నీటిమొక్కలు, కొళాయినీరు, ఎండ పడే కిటికీ, ఆపైన కొద్ది చేపలు – ఇంతే అతని విధానం. మొక్కలు బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఆమ్లజనిని ఇస్తాయి, ప్రాణుల మలినాలను ఎరువుగా తీసుకొంటాయి. ప్రకృతి చక్రాన్ని పిల్లలకు చూపించటానికి ఇంతకంటె చవకైన, అందమైన పరికరం లేదు. సిద్ధాంతం మంచిదే. అయితే ఆ కిటికీ ఆస్ట్రియాలోనిది. మే నెలలో రెంటచింతలలో ఎండ కిటికీలో నాలుగైదు లీటర్ల నీరు పెడితే సాయంకాలానికి చేప ఉడికిపోతుంది. డిసెంబరు రాత్రి ఆదిలాబాదులో అదే నీరు చేపను కొయ్యబార్చుతుంది. పోరుచేపకు హితమైనది సుమారు 24 నుండి 28 సెంటిగ్రేడు డిగ్రీలు. నీరు తక్కువైనకొద్దీ ఈ మెట్టు నిలవటం కష్టం. కొళాయినీటిలోని క్లోరిన్ మొప్పలను దహిస్తుంది. సోడియం థయోసల్ఫేటుతో విరిచిన తరువాతనే వాడాలి.

‘ఇది గాలి పీల్చే చేప, చెంబెడు నీరైనా చాలు’ అనే దుకాణదారుల మాటకు ఈ పుస్తకంలో సమాధానం దొరకదు. ఆ మాటలో సగం నిజం. పోరుచేపకు మొప్పలపైన మడతలు పడిన ఒక ప్రత్యేకాంగం ఉన్నది. మన కొర్రమీను కూడా ఈ గణానికే చెందినది, అది కూడా పైకి వచ్చి గాలి మ్రింగుతుంది. (పొదిగిన పిల్లలకు ఈ అంగం ఉండదు, కొన్ని వారాలకు ఏర్పడుతుంది.) కాని గాలి పీల్చటం వేరు, మలినం విసర్జించటం వేరు. చేప అమ్మోనియాను మొప్పల ద్వారా నీటిలోనికే వదలుతుంది. వేడి నీటిలో, క్షారగుణం గల నీటిలో అది మరీ విషం. ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, మరొక రకం నైట్రేటుగా మారుస్తాయి. ఇవి ఇసుకలో, వడపోత దూదిలో స్థిరపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా నైట్రైట్ నెత్తురులో చేరితే ఆమ్లజనిని మోసే పదార్థమే పనికిరాకుండా పోతుంది. అప్పుడు ఎంత గాలి మ్రింగినా ఏమి లాభం?

వరిమడిలో నీరు జానెడు లోతే, నిజమే. కాని ఆ జానెడు లోతు ఎకరాల మేర పరచుకొని ఉంటుంది. లోతు తక్కువ అన్నదానిని నీరు తక్కువ అని అర్థం చేసుకోవటంలోనే సీసా పుట్టింది. ఒక్క మగచేపకు పదిహేను, ఇరవై లీటర్లు పట్టే వెడల్పాటి తొట్టి, నిదానమైన వడపోత, దట్టమైన మొక్కలు, నీటికి పైన కొంత గాలి వదలి మూత – దూకే స్వభావం ఉన్నది గనుక మూత తప్పదు – ఇవి కావాలి. సీసాలో కూడా నురుగుగూడు కడుతున్నది గదా అని కొందరు వాదిస్తారు. గూడు మగచేప పక్వదశకు వచ్చినదనటానికి గుర్తు. నీరు బాగున్నదనటానికి కాదు. తరగతిలో అద్దం చూపదలచినవారు అయిదు నిమిషాలకు మించి ఉంచకుండా, మొప్పమూత ఎన్నిసార్లు తెరచినదీ విద్యార్థులచేత లెక్క వ్రాయించి, అద్దం తీసివేసిన తరువాత చేప ఎంతసేపటికి మామూలు రంగుకు వచ్చినదో కూడా అదే పుటలో నమోదు చేయించవచ్చు.