వాట్ల లెక్క

హ్యామ్ రేడియో కట్టేవాళ్లలో ఒక మంచి అలవాటు ఉంది. కొత్త ట్రాన్స్‌మిటర్‌ను నేరుగా యాంటెన్నాకు తగిలించరు. ముందు యాంటెన్నా బదులు పవర్‌ను వేడిగా మార్చే డమ్మీ లోడ్‌కు కలిపి, ఎన్ని వాట్లు వస్తున్నాయో కొలుస్తారు. పరీక్ష పేరుతో పదిమంది మాట్లాడుకునే గాలిని చెడగొట్టకూడదన్న మర్యాద ఇందులో ఉంది.

డమ్మీ లోడ్‌ను ఇంట్లోనే చేసుకోవచ్చు. వెయ్యి ఓముల, రెండు వాట్ల కార్బన్ రెసిస్టర్లు ఇరవై తెచ్చి, రెండు రాగి రేకుల మధ్య సమాంతరంగా టంకం వేస్తే సరిగ్గా 50 ఓములవుతుంది. 40 వాట్ల వేడిని ఓర్చుకుంటుంది. కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించాలి. తీగ చుట్టిన రెసిస్టర్లు పనికిరావు. రేడియో పౌనఃపున్యాల దగ్గర అవి కాయిల్‌లా ప్రవర్తించి కొలతను పాడుచేస్తాయి.

లోడ్‌కు ఒక డయోడ్, చిన్న కెపాసిటర్ జతచేస్తే మామూలు మల్టీమీటరే పవర్ మీటర్ అవుతుంది. మీటర్ 21.8 వోల్టులు చూపిందనుకుందాం. డయోడ్ మింగిన 0.6 కలిపితే 22.4. అది తరంగం శిఖరం. దాన్ని 0.707తో గుణిస్తే 15.8. ఆ అంకెను వర్గం చేసి 50తో భాగిస్తే 5 వాట్లు. చేతిలో పట్టే హ్యాండ్‌సెట్‌కు సాధారణంగా ఉండే పవర్ అదే. పది మిల్లీవాట్ల దగ్గర మాత్రం ఈ పద్ధతిని నమ్మలేం. అక్కడ శిఖరమే ఒక్క వోల్టు, అందులో 0.6 మన అంచనాగా కలిపితే లెక్కలో నిజమెంతో తేలదు. వైఫై పరికరం ఉండుండి విసిరే సిగ్నల్‌కూ ఇది చాలదు. దానికి సగటునూ శిఖరాన్నీ వేరుగా పట్టే సెన్సర్ కావాలి.

పవర్ కొలతకు మూల ప్రమాణం మాత్రం వేడి. 50 వాట్లు ఒక్క నిమిషం పూర్తిగా 200 గ్రాముల నీటిలోకి దిగితే ఉష్ణోగ్రత సుమారు 3.6 డిగ్రీలు పెరుగుతుంది. ప్రామాణిక ప్రయోగశాలల్లోని మైక్రోకెలోరీమీటర్లు ఈ సూత్రం మీదే నడుస్తాయి.

లోడ్ తీసి యాంటెన్నా పెట్టాక రెండో కొలత మొదలవుతుంది. మధ్యలో పెట్టిన వాట్‌మీటర్ 40 వాట్లు వెళ్తున్నాయనీ, 4 వెనక్కి తిరిగొస్తున్నాయనీ చూపితే, ముందుకు సాగినవి 36. వెనక్కి వచ్చేది ఎక్కువైతే కనెక్టరో, కేబులో, యాంటెన్నా పొడవో చూసుకోవాలి.

ఇదంతా ఎందుకంటే, పవర్‌ను నాలుగింతలు చేసినా అవతలివాళ్ల సిగ్నల్ మీటర్‌పై పెరిగేది ఒక్క గీతే. 5 వాట్లను 20 చేయడానికి బ్యాటరీ హరించుకుపోతుంది. తుఫానుకు కరెంటు పోయి, ఒకే బ్యాటరీతో కబురు చేరవేయాల్సిన రాత్రి అది భరించలేని ఖర్చు. కొలిచినవాడికి ఆ సంగతి ముందే తెలుస్తుంది. అందుకే పవర్ పెంచే ముందు పాడైన కేబుల్ మారుస్తాడు, యాంటెన్నాను ఇంకొంచెం పైకెత్తుతాడు.