దారిద్ర్యమును బోధించు ఆట

ఆటచేత నీతి గఱపవలె నను తలంపు మనకు క్రొత్తది కాదు. మన యిండ్లలోని వైకుంఠపాళి యట్టిదియే. అందు నిచ్చెనలకు సద్గుణముల పేర్లును, పాములకు దుర్గుణముల పేర్లును వ్రాసియుందురు. కాని పిల్లవానిని పైకెక్కించునది గవ్వల పందెమే కాని వాని గుణము గాదు. వాడు చదివినది సద్గుణము, నేర్చినది యదృష్టము. ఆట మాటలతో నొకటి చెప్పుచు, నియమములతో మఱియొకటి నేర్పవచ్చు నన్నమాట. నేడు వీడియో ఆటల మూలమున సంఘమందలి దుఃఖములను జనులకు దెలుపబూనువారు ఈ సంగతిని ముందుగా గమనింపవలెను.

2011వ సంవత్సరమున అమెరికాలోని డర్హం పట్టణమున 'స్పెంట్' అను కంప్యూటరు ఆట వెలువడెను. నిలువ నీడ లేనివారికి ఆశ్రయ మొసగు నొక ధర్మసంస్థకొఱకు మెకిన్నీ యను ప్రకటనల కంపెనీవారు దీనిని నిర్మించిరి. ఇందు ఆడువాడు ఉద్యోగమును, ఇంటిని గోలుపోయిన గృహస్థు. చేతనున్న 1000 డాలర్లతో నెల గడుపవలెను. ఊరికి దూరముగా నున్నచో అద్దె తక్కువ, రాకపోకల ఖర్చు ఎక్కువ. దగ్గఱ నున్నచో అద్దెయే భారము. బిడ్డను పుట్టినదినపు విందునకు బిలిచిరి. కానుక కొనవలెనా, బిడ్డను పంపక మానవలెనా? ఇట్టి చిక్కులు దినదినమును వచ్చుచుండును. బీదవాని సంసారమును ఇంత సూక్ష్మముగా జూపిన నిర్మాతలను మెచ్చుకొనక తప్పదు.

అయినను ఫలమేమి? యేల్ విశ్వవిద్యాలయపు మనశ్శాస్త్రజ్ఞులు జీనా రూసోస్, జాన్ డొవిడియో అనువారు దీనిని పరీక్షించి 2016లో తమ నిర్ణయమును బ్రకటించిరి. ఆట నాడినందువలన బీదలయెడ సద్భావము పెరుగలేదు. కొందఱియందు తగ్గెను గూడ. దారిద్ర్యమును దప్పించుకొనుట మనుజుని చేతిలోనిదే యను భావము స్వయముగా నాడుటచేత బలపడుచున్నదని వారు వివరించిరి.

ఆలోచించినచో నిందు వింత లేదు. హరిశ్చంద్రుడు భార్యను విక్రయించుట నాటకమున జూచునపుడు మనకు కన్నీరు వచ్చును. ఆతని పగ్గములను మన చేతికే యిచ్చి, 'నీ యిష్టము వచ్చినట్లు నడుపు' మన్నచో, కన్నీటికి మాఱుగా లెక్కలు మొదలగును. ఆటలో నోడినవాడు మఱల మొదటినుండి యాడును. రెండవసారి నెల గడుపును. 'నేను గడుపగలిగితిని, వారేల గడుపలేరు?' అని తలంచును. నిజమైన బీదవానికి నెలను మఱల మొదలుపెట్టు వీలెక్కడిది?

దీనికి మందు ఆటలలోనే కలదు. 1904లో లిజీ మేగీ యను అమెరికా వనిత 'లాండ్‌లార్డ్స్ గేమ్' అను పటపుటాటకు పేటెంటు బడసెను. భూమి కొందఱి వశమగుటవలని కీడును జూపుట యామె యుద్దేశము. ఆమె యాటకు రెండు విధముల నియమములను గూర్చెను. ఒకదానిలో నొక్కడు తక్కినవారిని దివాలా తీయించి గెలుచును. రెండవదానిలో సంపద పెరిగినకొలది అందఱికిని మేలగును. పట మొకటియే, నియమము మాఱగానే ఫలము మాఱును. 1935 నుండి పార్కర్ బ్రదర్సువారు విక్రయించిన 'మొనోపొలీ'లో మొదటి విధమే నిలిచినది. ఆమె ఖండింపబూనిన దురాశయే నేడు పిల్లలకు వినోదమైనది.

కావున నిర్మాతలకు మనవి. ఆడువానికి బీదవాని వేషము మాత్రమే చాలదు. అద్దెను, కూలిని నిర్ణయించువాని వేషమును గూడ నిండు. ఒకే కుటుంబమును రెండు నియమములక్రింద నడిపించి, ఒకచోట కూలిన సంసారము వేఱొకచోట నేల నిలిచెనో చూపుడు. తల్లిదండ్రులును, ఆట ముగిసినపిమ్మట 'ఎవరు గెలిచిరి?' అని యడిగి యూరకుండక, 'ఈ నియమము న్యాయమేనా?' అని పిల్లల నడుగవలెను. ఆ ప్రశ్న పుట్టింపని యాట ఎంత కరుణతో నిర్మింపబడినను, బీదవానిపై నొక నిందను మాత్రమే పెంచును.