వానాకాలం పని ఎండల్లోనే

ఓపెన్‌కాస్ట్ గని చూడటానికి వచ్చినవాళ్ల కళ్లు ముందుగా డంపర్ల మీద పడతాయి. వానాకాలంలో వస్తే అడుగున సంపులో తేలే పంపుల దగ్గర ఆగుతాయి. నా చూపు మాత్రం గని చుట్టూ తవ్విన కాలువ మీదికే పోతుంది. మావాళ్లు దాన్ని గార్లాండ్ డ్రెయిన్ అంటారు. గోదావరి లోయ బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరయ్యాక కూడా ఈ అలవాటు పోలేదు. ఆ కాలువలో పూడిక తీశారో లేదో చూస్తే ఆ గనికి జూలై ఎలా గడవబోతుందో చెప్పేయొచ్చు.

లెక్క చిన్నదే. వంద హెక్టార్ల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 10 కోట్ల లీటర్లు. గనిలో పడ్డదాన్ని ఎలాగూ తోడాల్సిందే. ఎగువ పొలాల నుంచి, అడవి నుంచి వచ్చే నీళ్లు మాత్రం గనిలోకి దిగనే కూడదు. బొగ్గు మీంచి తవ్వి పోసిన మట్టి గుట్టను, అంటే ఓబీ గుట్టను, తాకకముందే వాటిని వాగులోకి మళ్లిస్తే పేచీ లేదు. ఆ మట్టిలో కలిశాయా, చుక్కచుక్కకీ మనమే జవాబుదారీ. ఈ పనిలో సగం తెలివి ఆ రెండు నీళ్లనూ కలవనివ్వకపోవడంలోనే ఉంది.

హఠాత్తుగా పడే గరిష్ఠ వానకు మించి మరో 50 శాతం వెసులుబాటుతో కాలువలు, సంపులు ఉండాలని పర్యావరణ అనుమతుల్లో షరతు పెడతారు. డ్రాయింగులో ఆ కొలత ఉంటుంది. కానీ నూటయాభైలో మూడోవంతు యాభై. అంటే కాలువ మూడోవంతు పూడిందంటే ఆ వెసులుబాటు దాదాపు హరించుకుపోయినట్టే. మా వైపు ఓబీ ఎక్కువగా ఇసుకరాయి. అది కాలువను పూడ్చడానికి రెండు మూడు గట్టి వానలు చాలు.

ఇక గని నీళ్లను బయటికి వదిలేముందు మట్టి పేరుకోవడానికి నిలబెట్టే చెరువులో మట్టి దిగడం. మిల్లీమీటరులో పదోవంతు ఉన్న ఇసుక రేణువు నిలకడ నీటిలో మీటరు లోతు దిగడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. అందులో పదోవంతు ఉన్న రేణువుకు మూడు గంటలు. ఇంకా పదోవంతుకు తగ్గితే, అంటే బంకమట్టి కణమైతే, పన్నెండు రోజుల పైమాటే. రేణువు పదింతలు చిన్నదైతే దిగే వేగం వందింతలు తగ్గుతుంది మరి. అందుకే చెరువును బాగా లోతుగా తవ్వించామని గొప్పలు పోయేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. రేణువును పట్టేది చెరువు వైశాల్యమని అలెన్ హేజెన్ 1904లోనే తేల్చాడు. లోతు పూడికకు చోటిస్తుంది, అంతే. నీళ్లు వచ్చే మూలకే తూము కూడా పెడితే ఆ వైశాల్యమూ దండగ. బంకమట్టికి ఎలాగూ పటికో మరో మందో కలపక తప్పదు. లేకుంటే బయటికి వదిలే నీటిలో లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించి మట్టి ఉండకూడదన్న హద్దు కాగితం మీదే మిగులుతుంది.

వాగు కింద వరి వేసిన రైతుకు మిల్లీగ్రాములతో పనిలేదు. "పొలంల మేట పెట్టింది సారూ" అంటాడు. ఆ ఒక్క మాటకు మన రిజిస్టర్లలో ఎక్కడా గడి ఉండదు.

మట్టి అనగానే అందరూ గుట్టల వైపు చూపిస్తారు. హాల్ రోడ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. డంపర్ల టైర్ల కింద నలిగి నలిగి అక్కడి మట్టి గోధుమపిండిలా తయారవుతుంది. తొలి వానకు ముందుగా కదిలేది అదే. గుట్టల మీద మొక్కలు నాటడం మంచిదే, ఫొటోలూ బాగా వస్తాయి. కానీ మొదటి రెండేళ్లు మట్టిని పట్టి ఉంచేది గడ్డి. టేకు మొక్క నీడ పరిచేలోగా దాని పాదు చుట్టూ గండ్లు పడిపోతాయి. గుట్ట మెట్లు కూడా లోపలికి వాలి ఉండాలి. బయటికి వాలితే నీళ్లు అంచు మీంచి జారి ఏటవాలంతా కోసేస్తాయి.

ఇదంతా చేయడానికి దొరికేది ఏప్రిల్, మే నెలలే. మార్చి 31 దాకా యంత్రాలన్నీ బొగ్గు టార్గెట్ మీదే ఉంటాయి, ఆ తర్వాత రిపేర్లకు పోతాయి. పూడిక తీతకు చివరికి మిగిలేది ఒక పాత ఎక్స్‌కవేటర్. అది తీసిన మట్టిని మోయడానికి డంపర్ ఇవ్వరు కాబట్టి గట్టు మీదే కుప్పపోస్తారు. జూన్‌లో అది మళ్లీ కాలువలోకే దిగుతుంది. బిల్లులో మాత్రం పూడిక తీసినట్టే ఉంటుంది.