‘తాగనివారు’ ఎవరు? - సమూహ అధ్యయనాలలో మద్యపానం, నిష్క్రమణ

ఒకే జనసమూహాన్ని ఏళ్ల తరబడి అనుసరించే ఆరోగ్య అధ్యయనాలలో, తాగనివారి కంటే మితంగా తాగేవారిలోనే మరణాలు తక్కువన్న ఫలితం చాలాకాలం ప్రచారంలో ఉంది. బ్రిటన్‌లోని 24 పట్టణాలకు చెందిన 7,735 మంది మధ్యవయసు పురుషుల అధ్యయనం ఆధారంగా షేపర్, ఆయన సహచరులు 1988లో దీనిని ప్రశ్నించారు. ‘తాగనివారు’ అన్న గడిలో జబ్బుచేసి తాగుడు మానినవారూ ఉన్నారన్నది వారి వాదన. ముట్టనివాడు, మానినవాడు ఒకటి కాదని తెలుగు వాడుకకు తెలుసు. చాలా పట్టికలు ఆ తేడాను పట్టించుకోలేదు.

అయితే ఈ వాదన గడి మారినవారి దగ్గరే ఆగుతుంది. అధ్యయనం నుంచే తప్పుకున్నవారి సంగతి వేరు. మరణం ప్రభుత్వ నమోదులలో దొరుకుతుంది కనుక, ప్రశ్నావళికి జవాబివ్వనివాడి మరణమూ లెక్కకు అందవచ్చు. తాగుడులో వచ్చిన మార్పు మాత్రం అతడు చెబితేనే తెలుస్తుంది. అతిగా తాగేవాడు అనారోగ్యంతోనో, ఇల్లు మారడంతోనో, సిగ్గుతోనో జవాబు మానితే, మిగిలిన సమూహం ఉన్నదానికంటే మితంగా కనిపిస్తుంది. తొలి జవాబులను బట్టి, తప్పుకున్నవారిని పోలినవారికి అదనపు బరువునిచ్చి సరిదిద్దే పద్ధతి ఉంది. మొదటినుంచీ అతిగా తాగేవారి లోటును అది కొంత పూడ్చగలదు. తర్వాత తాగుడు పెంచుకుని కనుమరుగైనవాడు దానికి అందడు. తప్పుకున్నవారి సంఖ్య ఒక్కటే ప్రకటిస్తే ఈ సంగతి తెలియదు. చివరి జవాబులో వారు ఏ గడిలో ఉన్నారో కూడా పట్టికలో ఉండాలి.